సాక్ష్యానికి మెరుగులు దిద్దకండి

గుంటూరులో లా విద్యార్థులు, జూనియర్ న్యాయవాదుల ముందు ఒక రిటైర్డ్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తడబడిన చోట్ల తప్ప మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న మా సీనియర్లకి ప్రత్యేకంగా నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ఇటు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, ఫర్వాలేదు. ఇది కోర్టు హాలు కాదు, కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు.

నేర న్యాయంలో ప్రాసిక్యూషన్ పాత్ర, సాక్ష్యాల పాత్ర అని నాకు విషయం ఇచ్చారు. దీన్ని పద్ధతిగా చెప్పాలంటే ఒక సెమిస్టరు పడుతుంది. నాకిచ్చింది గంట. అందుకని ఒక్క మాటే చెబుతాను, దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెబుతాను. విసుగొస్తే మొహమాటపడకండి, ఫోన్లు చూసుకోండి.

ఆ మాట ఇదీ. సాక్ష్యం లేక ఓడిపోయిన కేసులు ఉన్నాయి, కాదనను. కానీ ఉన్న సాక్ష్యానికి మెరుగులు దిద్దబోయి ఓడిపోయిన కేసులు నేను అంతకంటే ఎక్కువ చూశాను. నేరం నిజంగానే జరిగింది. బోనులో ఉన్నవాడే చేశాడు. చూసినవాళ్ళూ ఉన్నారు. అయినా కేసు పోయింది. ఎందుకు పోయింది? ఉన్నది చాలదనుకుని ఎవరో ఒకరు ఇంకాస్త బలం చేద్దామనుకున్నారు. ఆ చేర్చిన ముక్క దగ్గరే క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నలు అడిగేటప్పుడు, దొరికిపోయారు.

ముందు ఒక ప్రశ్న. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎవరి తరఫు వకీలు? చెప్పండి. పోలీసుల తరఫునా? ఇటు నుంచి బాధితుల తరఫున అంటున్నారు. ప్రభుత్వం తరఫున అని ఎవరో అన్నారు, అది కాస్త దగ్గరగా ఉంది. చట్టం ప్రకారం కేసు నడిపేది రాజ్యం. రాజ్యానికి ఈ ముద్దాయి మీద పగేమీ లేదు కదా? ముద్దాయి కూడా ఆ రాజ్యంలో మనిషే. 1999లో శివకుమార్ వర్సెస్ హుకుంచంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. నిజానిజాలతో పని లేకుండా ఎలాగైనా శిక్ష వేయించాలన్న తపన పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి ఉండకూడదు అంది. ముద్దాయికి న్యాయంగా అందాల్సిన మేలు ఏదైనా ఉంటే, దాన్ని ప్రాసిక్యూటర్ దాచిపెట్టకూడదు అంది. ఆ తీర్పు చదవండి. చిన్నదే, ఒక సాయంత్రం పని.

పాత రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టుల్లో పోలీసు శాఖ వాళ్ళే ప్రాసిక్యూషన్ నడిపేవారు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో ఆ పద్ధతి మారింది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు పోలీసు శాఖ చెప్పుచేతల్లో ఉండకూడదు, వాళ్ళకి వేరే కేడర్ ఉండాలి అని 1995లో షహానే కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఎందుకు ఇంత పట్టుదల? దర్యాప్తు చేసినవాడికి తన దర్యాప్తు మీద మమకారం ఉంటుంది. అది సహజం. రాత్రీ పగలూ తిరిగి పట్టుకున్న మనిషి వీడే అయి ఉండాలి అనిపిస్తుంది. ఆ మమకారం లేనివాడు ఒకడు ఆ కాగితాలన్నీ మళ్ళీ చూడాలి. అదీ ప్రాసిక్యూటర్ పని.

మరి వాస్తవంలో ఏం జరుగుతుంది? ఎస్సై గారు సీడీ ఫైలు, అంటే కేసు డైరీ, చంకలో పెట్టుకుని వస్తారు. ‘సార్, ఒకసారి చూడండి సార్, ఏమన్నా తక్కువైతే చెప్పండి’ అంటారు. మంచిదే, చూడమనడం మంచిదే. ఛార్జిషీటు వేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం దర్యాప్తు అధికారిదే, ప్రాసిక్యూటర్ అభిప్రాయం తెచ్చుకో అని కోర్టులు ఆయన్ని బలవంతపెట్టకూడదు అని 2000లో సరళ కేసులో చెప్పారు. అది గుర్తుంచుకోండి. ఫైలు చూశాక మనం ‘ఐ విట్‌నెస్ ఒక్కడే ఉన్నాడండీ’ అంటాం. దానికి ఆయన ఏమంటారో తెలుసా? ‘ఇంకొకర్ని పెట్టమంటారా సార్?’

నవ్వకండి. ఆయన అన్నది దురుద్దేశంతో కాదు. కేసు నిలబడాలనే. కానీ సాక్షి అంటే ఆ సమయానికి అక్కడ ఉన్నవాడు. ఉంటే ఉన్నాడు, లేకపోతే లేడు. మనం పెట్టేదేముంది? అసలు చట్టం ఇంతమంది సాక్షులు కావాలని ఎక్కడా అడగలేదు. పాత సాక్ష్యాధార చట్టంలో 134వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 139. ఏ విషయం రుజువు చేయడానికైనా సాక్షుల సంఖ్య ఇంత ఉండాలని లేదు. 1957లో వడివేలు తేవర్ కేసులో ఒక్క సాక్షి మాట మీదే హత్య నేరానికి శిక్ష నిలబెట్టారు. ఆ ఒక్కడూ నమ్మదగినవాడైతే చాలు.

మన మిర్చి యార్డుకి వెళ్ళినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. లాటులో మంచి సరుకే ఉంది. బరువు పెంచుదామని రెండు టిక్కీల్లో, అదే బస్తాల్లో, తాలు కాయలు కలిపాడు రైతు. కొనేవాడు ఒక టిక్కీలో చెయ్యి పెట్టాడు, తాలు కనబడింది. ఆ రెండు టిక్కీలకే ధర కోస్తాడా? లాటు మొత్తానికి కోస్తాడు. జడ్జి గారికీ అలాగే అనిపిస్తుంది. నిజమే, ఒక విషయంలో అబద్ధమాడిన సాక్షి అన్ని విషయాల్లోనూ అబద్ధమాడాడని తోసేయకూడదు, ఏరుకోవాలి అని మన కోర్టులు ఎన్నో తీర్పుల్లో చెప్పాయి. సూత్రం అదే. కానీ జడ్జి కూడా మనిషే కదండీ. ఒక్కసారి అనుమానం పడ్డాక ప్రతి కాగితాన్నీ వెలుతురుకి పట్టుకుని చూస్తాడు. చూడాలి కూడా.

ఇప్పుడు మన గుంటూరు కేసు ఒకటి చెబుతాను. ఫైనలియర్ వాళ్ళు వెంటనే పట్టేస్తారు. పులుకూరి కోటయ్య కేసు. అప్పట్లో మన ఆఖరి అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ 1946 డిసెంబరులో ఇచ్చిన తీర్పు. దేశంలో ఏ మూల లా కాలేజీకి వెళ్ళినా ఈ పేరు వినబడుతుంది. ఢిల్లీలో, కలకత్తాలో మన పేరు పలకలేక నాలిక మెలికలు తిప్పుకుంటూ చదువుతారు. ఆ కేసు విచారణ జరిగింది ఎక్కడ? గుంటూరు సెషన్స్ కోర్టులో. రెండు పార్టీల మధ్య గొడవ, హత్యలు, ఉరిశిక్షలు. మద్రాసు హైకోర్టు ఆ శిక్షలు ఖాయం చేసింది. అక్కడి నుంచి లండన్ వెళ్ళింది.

గొడవ ఎక్కడ వచ్చింది? ముద్దాయి పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం దగ్గర. పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు, అది మీకు తెలుసు. దానికి ఒక మినహాయింపు ఉంది. ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా బయటపడితే, ఆ బయటపడినదానికి సూటిగా సంబంధించినంత మేరకు ఆ మాటలు పనికొస్తాయి. పాత 27వ సెక్షన్. కొత్త చట్టంలో 23వ సెక్షన్‌కి ప్రొవైజోగా, అంటే మినహాయింపు షరతుగా, పెట్టారు. ఆ వాంగ్మూలంలో ఏముంది? సుమారుగా ఇలా ఉంటుంది. నేనూ, కోటయ్యా, మా పార్టీ వాళ్ళం పొద్దుగూకే వేళకి పులిపాడు చెరువు మూల కాపు కాశాం. ఫలానా వాళ్ళని కొట్టి చంపాం. మాలో ఒకడి చేతికి దెబ్బ తగిలితే వాడి ఈటె నాకిచ్చాడు. ఆ ఈటె, నా కర్ర ఊళ్ళో ఫలానా వాళ్ళ వామిలో దాచాను. వస్తే చూపిస్తాను. ఇదంతా కోటయ్య పురమాయిస్తే చేశాం.

చూడండి, ఎంత పొడవుందో. ఇందులో సాక్ష్యం ఎంత? ‘వామిలో దాచాను, వస్తే చూపిస్తాను.’ అంతే. మిగతాదంతా కొట్టేశారు. కాపు కాశామన్నది పోయింది, చంపామన్నది పోయింది, పురమాయించాడన్నది పోయింది. సర్ జాన్ బోమాంట్ రాసిన తీర్పు అది. అందులో ఒక మాట నాకు భలే ఇష్టం. ‘నా ఇంటి కప్పులో దాచిన కత్తి తీసి చూపిస్తాను’ అని ముద్దాయి అంటే, దానివల్ల కనుక్కున్నది కత్తిని కాదు, కత్తిని లోకం ఏనాడో కనిపెట్టింది అంటాడాయన. కనుక్కున్నదేంటంటే, ఆ కత్తి అక్కడ ఉందన్న సంగతి ఇతనికి తెలుసు అని. ఆ కత్తితోనే నేరం జరిగిందని రుజువైతే అప్పుడు దానికి చాలా విలువ ఉంది. ‘దీంతోనే పొడిచాను’ అన్న ముక్క మాత్రం పనికిరాదు. చివరికి ఆ కేసుని మద్రాసు హైకోర్టుకి తిప్పి పంపారు, పనికిరానిది తీసేశాక మిగిలిన సాక్ష్యం చాలుతుందో లేదో చూసుకోమని.

80 ఏళ్ళు కావస్తోంది. ఇవాళ్టికీ మధ్యవర్తుల ముందు పోలీసులు రాసే మన పంచనామాల్లో అదే పొడుగాటి కథ రాస్తున్నారు. ముద్దాయి పుట్టిన ఊరు దగ్గర మొదలుపెట్టి, చదువు మానేసిన సంగతి, చెడు సావాసాలు, కుట్ర, హత్య, పారిపోవడం అన్నీ రాసి, చివర్లో ‘నా వెంట వస్తే చూపిస్తాను’ అని ముగిస్తారు. పైగా అన్ని కేసుల్లోనూ ముద్దాయిలందరూ ఒకే భాషలో ఒప్పుకుంటారు! చదువురాని గొర్రెల కాపరీ, ఇంజినీరింగు కుర్రాడూ ‘సదరు’, ‘యావత్తు’ అంటారు. ఆ భాష ఎవరిది? స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్‌ది. జడ్జి గారికి ఆ మాత్రం తెలియదా?

పంచనామా అన్నాను కాబట్టి ఒకటి చెబుతాను. ఇది నేను కళ్ళారా చూసింది. స్టేషన్ పేరు వద్దులెండి. పత్తి చేలో హత్య. కర్ర దొరికింది, నెత్తుటి మట్టి తీశారు, నెత్తురు అంటని మామూలు మట్టి కూడా వేరేగా తీశారు. అన్నీ సక్రమంగానే చేశారు. మధ్యవర్తి, అంటే పంచనామాకి సాక్షి, ఒక వీఆర్వో గారు, మంచాయన. చీఫ్, అంటే మా వైపు నుంచి అడిగే ప్రశ్నలు, సాఫీగా అయిపోయింది. క్రాస్‌కి డిఫెన్స్ వైపు నుంచి ఒక ముసలాయన లేచారు. గొంతు పెంచేవారు కాదు, ఎవర్నీ బెదిరించేవారు కాదు.

‘వీఆర్వో గారూ, పంచనామా ఎక్కడ రాశారండీ?’

‘అక్కడే సార్, చేలోనే.’

‘ఎవరు రాశారు?’

‘రైటర్ గారండీ.’

‘దస్తూరీ బాగుందండీ, ముత్యాల్లా ఉంది. మడత కూడా పడలేదు. దేని మీద పెట్టి రాశారు?’

‘బల్ల మీదండీ.’

‘చేలో బల్ల ఎక్కడిదండీ?’

ఆ ప్రశ్న వేసి ఆయన కూర్చున్నారు. ఇంకో ప్రశ్న అడగలేదు. వీఆర్వో గారు నా వైపు చూశారు, నేను కాగితాల వైపు చూశాను. జడ్జి గారు రాయడం ఆపి తల పైకెత్తారు.

ఇప్పుడు చెప్పండి. వాళ్ళు చేలోకి వెళ్ళలేదా? వెళ్ళారు. కర్ర అక్కడ దొరకలేదా? దొరికింది. మరి ఏం జరిగింది? ఎండగా ఉంది, అక్కడ చిత్తు రాసుకుని, స్టేషన్‌కి వచ్చి ఫ్యాను కింద కూర్చుని శుభ్రంగా ఎత్తి రాశారు. ఆ మాటే చెబితే ఏం పోయేది? ‘చేలో నోట్సు రాసుకున్నామండీ, స్టేషన్‌లో ఫెయిర్ చేశామండీ’ అంటే అయిపోయేది. ఆ చిత్తు కాగితం కూడా ఫైల్లో పెడితే ఇంకా మంచిది. కానీ పుస్తకంలో పంచనామా అక్కడికక్కడే రాయాలని ఉంది, కాబట్టి అక్కడే రాశామని చెప్పాలి. చెప్పారు. ఆ మెరుగు దగ్గరే కేసు జారింది.

ఇలాంటిదే ఎఫ్‌ఐఆర్‌లో పేర్ల సంగతి. మన పల్నాడు వైపు కేసులు నడిపినవాళ్ళకి ఇది కొత్త కాదు. కొట్టింది నలుగురు. రిపోర్టులో 18 మంది ఉంటారు. ఎందుకు? ఆ 14 మందీ ఎవరు? అవతలి పార్టీలో డబ్బు పెట్టేవాడు, కోర్టు చుట్టూ తిరగగలిగినవాడు, ఊళ్ళో మాట చెల్లేవాడు. వాళ్ళందర్నీ లోపల వేస్తే అవతలివాళ్ళకి బెయిలు కోసం తిరిగే దిక్కుండదు. అదీ లెక్క. బాధితుల కడుపుమంట నాకు తెలుసు, తప్పుపట్టను. కానీ ఆ 14 మంది పేర్లు ఆ నలుగురికీ రక్షణ కవచం అయిపోతాయి. సాక్షి బోనెక్కి 18 మందీ ఏ ఆయుధంతో ఎక్కడ కొట్టారో పూస గుచ్చినట్టు చెబుతాడు. పోస్టుమార్టంలో గాయాలు ఆరు. మిగతావాళ్ళ దెబ్బలు ఎటు పోయాయి? గుంపు కేసుల్లో ఒక ముద్దాయి గురించి ఇద్దరు ముగ్గురు సాక్షులైనా పొంతన ఉన్నట్టు చెబితేనే నమ్ముదాం అని 1964లో మసాల్తీ కేసులో సుప్రీంకోర్టు ఒక జల్లెడ పెట్టింది. ఆ అవసరం ఎందుకొచ్చిందో ఆలోచించండి.

ఈ పేర్లు ఎప్పుడు చేరతాయో చూడాలంటే ఎక్స్‌ప్రెస్ ఎఫ్‌ఐఆర్, అంటే వెంటనే మేజిస్ట్రేటుకి పంపే ఎఫ్‌ఐఆర్ ప్రతి, తిరగేయండి. జూనియర్లకి చెబుతున్నాను, ఏ ఫైలు చేతికొచ్చినా మొదట చూడాల్సింది అదే. హత్య సాయంత్రం 6 గంటలకి. రిపోర్టు 7:30కి ఇచ్చామంటారు. మేజిస్ట్రేటు గారు దాని మీద ఏ టైముకి అందిందని సంతకం పెట్టారు? మర్నాడు పదకొండుకి. స్టేషన్‌కీ మేజిస్ట్రేటు గారి ఇంటికీ మధ్య దూరమెంత? నాలుగు కిలోమీటర్లు. నాలుగు కిలోమీటర్లకి రాత్రంతా పట్టిందా? ఆ రాత్రి ఏం జరిగిందో డిఫెన్స్ వాళ్ళు చెప్పనక్కర్లేదు, ఆ సంతకమే చెబుతుంది. నిజమైన కారణం ఉంటే, కానిస్టేబులు పెద్దాసుపత్రిలో ఇన్‌క్వెస్ట్, అదే శవ పంచనామా, దగ్గర ఇరుక్కుపోతే, వాన పడి దారి తెగిపోతే, ఆ కానిస్టేబుల్ని బోనెక్కించి చెప్పించండి. ఆలస్యం అయినంత మాత్రాన కేసు పోదు. ఆలస్యం గురించి నోరు మెదపకపోతే పోతుంది.

మెరుగులు దిద్దితే దోషి తప్పించుకోవడం ఒక్కటే నష్టం కాదు. రెండో వైపు కూడా ఉంది. ఆ రెండో వైపు గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో ఒక హాస్టల్లో విద్యార్థినిని చంపేశారు. మీకందరికీ తెలిసిందే, పేర్లు చెప్పను. రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. ఎవరో ఒకర్ని పట్టుకోవాలన్న ఒత్తిడి ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2008లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు 14 ఏళ్ళ శిక్ష వేసింది. 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి వదిలిపెట్టింది. దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది, అతనికి లక్ష రూపాయలు ఖర్చుల కింద ఇమ్మంది. మరుసటి ఏడాది కేసుని సీబీఐకి అప్పగించింది. ఇంతకీ ఏం మిగిలింది? జైల్లో ఎనిమిదేళ్ళకి పైగా గడిపిన ఒక మనిషి. కూతుర్ని ఎవరు చంపారో తెలియకుండానే ముసలివాళ్ళైపోయిన తల్లిదండ్రులు. ఆ తల్లి మొదటి నుంచీ ఈ అబ్బాయి కాదనే అంటూ వచ్చింది. ప్రాసిక్యూషన్ బాధితుల తరఫున అని ఇందాక ఎవరో అన్నారు చూశారా, వాళ్ళు ఈ కేసు గురించి ఒకసారి ఆలోచించండి. బాధితురాలి తల్లే వద్దంటున్న శిక్షని ఎవరి తరఫున నిలబెట్టాం?

సాక్షులు ఎదురు తిరగడం గురించి అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తాను. సాక్షి హోస్టైల్ అయ్యాడు, కేసు పోయింది అంటారు. అంత తేలిగ్గా వదలకండి. ఎదురు తిరిగిన సాక్షి చెప్పిన ప్రతి మాటా చెత్తబుట్టలోకి పోదు. ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో తన సాక్షినే క్రాస్ చేయొచ్చు, ఇప్పుడది సాక్ష్య అధినియంలో 157వ సెక్షన్. అతను ఒప్పుకున్నంత మేరకు, వేరే సాక్ష్యంతో సరిపడినంత మేరకు వాడుకోవచ్చు. అది చేయకుండా ‘పోలీసుల దగ్గర ఇలా చెప్పావా లేదా, అబద్ధమాడుతున్నావు’ అని రెండు ముక్కలు అడిగి కూర్చునే ప్రాసిక్యూటర్లని నేను చూశాను. సరే, అది మా ఇంటి గుట్టు.

అసలు సాక్షి ఎందుకు ఎదురు తిరుగుతాడు? డబ్బు అంటారు, భయం అంటారు. రెండూ ఉన్నాయి. మూడోది కాలం. చుండూరు గుర్తుందా? అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. సాక్షులు భయం లేకుండా వచ్చి చెప్పాలని ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్ళోనే పెట్టారు. అది సామాన్యమైన సంగతి కాదు. ఆ కోర్టు కోసం బాధితులు ఎన్నేళ్ళు పోరాడారో మా తరం వాళ్ళకి తెలుసు. తీర్పు ఎప్పుడొచ్చింది? 2007లో. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు, కాబట్టి ఆ తీర్పు బాగోగుల జోలికి నేను వెళ్ళను. నేనడిగేది వేరే. ఘటనకీ మొదటి తీర్పుకీ మధ్య 16 ఏళ్ళు. అంతకాలం తర్వాత ఏ గట్టు మీద నిలబడి చూశావు, మొదట ఎవరు కొట్టారు, ఎన్ని గంటలకి అని అడిగితే ఏ మనిషి చెప్పగలడు? మీరు ఇంటర్ మొదటి రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నారో చెప్పండి చూద్దాం. పొంతన లేని చిన్న విషయాలు ఉండటమే సహజం. అన్నీ అచ్చుగుద్దినట్టు చెబితేనే నాకు అనుమానం వస్తుంది.

సాక్షుల రక్షణకి 2018లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఒక పథకాన్ని ఆమోదించి, అది చట్టంతో సమానం అంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 398వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రమూ పథకం పెట్టాలి. మంచిదే. దానికంటే ముందు సాక్షిని కోర్టుకి పిలిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెట్టు కింద నిలబెట్టి, ‘ఇవాళ కాదు, వచ్చే నెల రా’ అనడం మానేస్తే సగం రక్షణ దొరికినట్టే. కూలి పోగొట్టుకుని మాచర్ల నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి మూడోసారి కూడా తిరిగి వెళ్ళాల్సి వస్తే, నాలుగోసారి ‘నేనేం చూడలేదండీ’ అంటాడు. అనడా మరి?

కొత్త చట్టాల గురించి త్వరగా చెబుతాను. 2024 జూలై 1 నుంచి వచ్చాయి, సెక్షన్ల నంబర్లు మారాయి, మా వయసువాళ్ళకి పాతవే నోట్లో తిరుగుతున్నాయి. నాకు ముఖ్యంగా కనబడేవి మూడే. సోదా చేసినా, ఏదైనా స్వాధీనం చేసుకున్నా మొత్తం వీడియో తీయాలి, సంహితలో 105వ సెక్షన్. ఏడేళ్ళు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలి. ఇది రాష్ట్రాలు ఐదేళ్ళలోపు అమల్లోకి తేవాలి. పదేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు రికార్డు చేయాలి.

వీడియో వచ్చేసింది కాబట్టి ఇక ఢోకా లేదు అనుకుంటున్నారా? చేలో బల్ల ఉందో లేదో ఇప్పుడు కనబడుతుంది, అంతవరకు నిజం. కానీ ఆ వీడియోని కోర్టులో పెట్టాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. పాత 65-బి. 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసు చదవండి, అది లేకపోతే ఏమవుతుందో తెలుస్తుంది. కొత్త నమూనాలో రెండు భాగాలు ఉన్నాయి, ఒకటి ఆ పరికరం చూసుకునేవాడు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి సంకేతం, రాయాలి. ఎస్సై గారి సొంత ఫోన్లో తీసి, వాట్సాప్‌లో సీఐ గారికి పంపి, ఆయన పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, అది కోర్టుకొస్తే? దారిలో ఫైలు సైజు మారింది, హ్యాష్ మారింది. నిజమైన వీడియోనే, ఎవరూ ఏమీ చేయలేదు. కానీ రుజువు చేయండి చూద్దాం! పైగా అందులోనూ మెరుగులు మొదలయ్యాయని వింటున్నాను. మొదటిసారి సరిగ్గా రాలేదని కత్తిని మళ్ళీ అక్కడే పెట్టి ఇంకోసారి తీయించడం. ఎవరు చేస్తున్నారో నేననను. మీలో కొందరు రేపు ప్రాసిక్యూటర్లు అవుతారు. అలాంటి వీడియో మీ చేతికొస్తే ‘ఇది రెండోసారి తీసిందేనా?’ అని సూటిగా అడగండి. మొదటిది కూడా ఉంచమనండి, ఎంత వంకరగా ఉన్నా సరే.

ఇంకొక్కటి. ముద్దాయికి పనికొచ్చేది దాచకూడదన్నాను కదా. 2021లో క్రిమినల్ విచారణల్లో లోపాల మీద సుప్రీంకోర్టు తనంతట తానే చేపట్టిన ఒక విషయంలో ఉత్తర్వులిచ్చింది. ఆ కేసు పేరులో మన రాష్ట్రమే ఉంది. ప్రాసిక్యూషన్ వాడుకోని వాంగ్మూలాలు, వస్తువులు ఏమున్నాయో ఆ జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలంది. ఎంతమంది ఇస్తున్నారు? ఎంతమంది డిఫెన్స్ వాళ్ళు అడుగుతున్నారు? జూనియర్లూ, మీరు అడగండి. అడిగితే ప్రాసిక్యూటర్ చిరాకుపడతాడు. పడనివ్వండి.

సరే, టైమైపోయిందని చీటీ పంపారు. ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను. ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయి, అడుగమ్మా. మైకు ఇవ్వండి.

బాధితుల కుటుంబం సొంతంగా లాయర్ని పెట్టుకుంటే ఆయన వాదించొచ్చా అని అడుగుతోంది. మంచి ప్రశ్న. పెట్టుకోవచ్చు. కొత్త సంహితలో 18(8) సెక్షన్ ప్రొవైజోలో ఉంది, ప్రాసిక్యూషన్‌కి సాయం చేయడానికి కోర్టు అనుమతించొచ్చు. సాయం చేయడానికి అని ఉంది, అది గమనించు. 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ లాయరు స్వయంగా లేచి సాక్షుల్ని క్రాస్ చేయడం, నోటితో వాదించడం కుదరదు. అడగాల్సిన ప్రశ్న పీపీ, అదే పబ్లిక్ ప్రాసిక్యూటర్, అడగకపోతే, పీపీకి చెప్పొచ్చు, అప్పటికీ అడగకపోతే కోర్టు దృష్టికి తేవచ్చు. సాక్ష్యం అంతా పూర్తయ్యాక కోర్టు అనుమతితో రాతపూర్వకంగా వాదనలు ఇవ్వొచ్చు. నువ్వు అలా ఎవరి తరఫునైనా వెళితే, ప్రశ్నలు ముందురోజు సాయంత్రమే కాగితం మీద రాసి పీపీ గారికి ఇవ్వు. కోర్టు హాల్లో వెనక నిలబడి కోటు లాగకు, మాకు ఒళ్ళు మండుతుంది.